బీఎస్సీలో మూడు సబ్జెక్టులు ఎంచుకునే ముందు: బైపీసీ చదివిన అమ్మాయి తండ్రికి సమాధానం

మీ ప్రశ్న సారాంశం ఇది. ఉప్పల్‌లో ఉంటున్న మీ అమ్మాయి ఈ ఏడాది బైపీసీతో ఇంటర్ పూర్తి చేసింది. నీట్‌లో ఎంబీబీఎస్ సీటుకు సరిపడే మార్కులు రాలేదు, మరో ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు వెళ్లడం తనకు ఇష్టం లేదు. కెమిస్ట్రీ అంటే ఇష్టం. ముందుముందు ఎమ్మెస్సీ, కుదిరితే పరిశోధన చేయాలని ఉంది. ఇంటికి దగ్గరలోని ఒక ప్రైవేటు కళాశాలవారు మైక్రోబయాలజీ, జెనెటిక్స్, కంప్యూటర్ అప్లికేషన్స్ కలిసిన బీఎస్సీలో చేర్చమని, బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీల బీజడ్‌సీ పాత చింతకాయ పచ్చడి అని చెబుతున్నారు. నాలుగేళ్ల డిగ్రీ చేస్తే ఎమ్మెస్సీ లేకుండానే పీహెచ్‌డీలో చేరవచ్చని ఎవరో అన్నారు. ఎంపీసీ మొదటి సంవత్సరం చదువుతున్న మీ అబ్బాయి గురించి కూడా చివర్లో ఒక మాట అడిగారు.

నేను హైదరాబాద్‌లోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా కెమిస్ట్రీ బోధించాను. చివరి కొన్నేళ్లు, తెలంగాణలో డిగ్రీ సీట్లను ఆన్‌లైన్‌లో కేటాయించే దోస్త్ హెల్ప్‌లైన్ కేంద్రంలో కూర్చుని పిల్లల దరఖాస్తులు చూశాను. ఆ అనుభవంతో ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను: కెమిస్ట్రీ లేని కాంబినేషన్‌లో మీ అమ్మాయిని చేర్చకండి. ఆ కళాశాల మంచిదా కాదా అన్నది నాకు తెలియదు, ఆ మూడు సబ్జెక్టుల్లో ఏదీ చెడ్డదీ కాదు. కానీ మీ అమ్మాయి వెళ్లాలనుకుంటున్న చోటికి ఆ దారి వెళ్లదు.

మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల బీఎస్సీలో ఇంగ్లీషు, ద్వితీయ భాష కాక మూడు ఆప్షనల్ సబ్జెక్టులు ఉంటాయి. బీఎస్సీ అన్న పేరు అందరి పట్టాలోనూ ఒకటే అయినా, పీజీ ప్రవేశాలప్పుడు ఆ పేరును ఎవరూ చూడరు, మెమోలోని ఆప్షనళ్లనే చూస్తారు. రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాల పీజీ సీట్లకు ఉస్మానియా నిర్వహించే సీపీజెట్‌లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీకి డిగ్రీలో కెమిస్ట్రీ ఒక ఆప్షనల్‌గా ఉండాలి. ఎమ్మెస్సీ ఫిజిక్స్‌కు ఫిజిక్స్‌తోపాటు గణితం కూడా ఉండాలి. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌కు డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివి ఉండాలి. జీవశాస్త్రాల వైపు నిబంధనలు కొంత ఉదారంగా ఉంటాయి. బోటనీ, జువాలజీ చదివినవారు కూడా బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, జెనెటిక్స్ వంటి ఎమ్మెస్సీలకు ప్రయత్నించే వీలుంటుంది. అంటే బీజడ్‌సీ నుంచి మైక్రోబయాలజీ వైపు తిరగడం సాధ్యమే కానీ, కెమిస్ట్రీ లేని డిగ్రీ నుంచి కెమిస్ట్రీ వైపు తిరగడం సాధ్యం కాదు. కాబట్టి దోస్త్‌లో ఆప్షన్లు పెట్టే ముందు, ఈ ఏడాది సీపీజెట్ ప్రకటనలోని అర్హతల పట్టికను మీరూ మీ అమ్మాయీ కలిసి ఒకసారి చదవండి. మూడేళ్ల తరువాత చదవాల్సిన కాగితాన్ని ఇప్పుడు చదవడమేమిటని అనిపించవచ్చు. కానీ దాన్ని ఇప్పుడు చదవకపోవడం వల్ల వచ్చిన చిక్కులే నేను ఎక్కువగా చూశాను.

ఒక జూన్ నెలలో హెల్ప్‌లైన్ కేంద్రానికి ఒక అమ్మాయి తన తమ్ముడి దరఖాస్తు కోసం వచ్చింది. పని అయిపోయాక, సార్ మీరు కెమిస్ట్రీ కదా అని తన సర్టిఫికెట్ల ఫైలు తెరిచింది. ప్లాస్టిక్ కవర్లలో ఆరు సెమిస్టర్ల మెమోలూ వరుసగా పెట్టుకుంది, గ్రేడ్లన్నీ చక్కగా ఉన్నాయి, ఒక్క బ్యాక్‌లాగ్ కూడా లేదు. ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చేసి ఫార్మా కంపెనీలో చేరాలన్నది ఆమె కోరిక. నేను మొదటి మెమో నుంచి ఆరో మెమో దాకా వేలు పెట్టి చూసుకుంటూ వెళ్లాను. బయోటెక్నాలజీ, జెనెటిక్స్, కంప్యూటర్ అప్లికేషన్స్ తప్ప కెమిస్ట్రీ అన్న మాట ఎక్కడా లేదు. ఇంటర్‌లో చదివాను కదా సార్ అని అడిగింది. పీజీకి ఇంటర్ సబ్జెక్టును లెక్కలోకి తీసుకోరని చెప్పడానికి నాకు నోరు రాలేదు, అయినా చెప్పాల్సి వచ్చింది. తరువాత ఆమె బయోటెక్నాలజీలో పీజీ చేసింది, బాగానే చేసింది. కానీ అది ఆమె కోరుకున్న చదువు కాదు.

ఇక కెమిస్ట్రీతో వచ్చే కాంబినేషన్లు హైదరాబాద్‌లో తక్కువేమీ కాదు. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ కలిసిన బీజడ్‌సీ దాదాపు ప్రతి ప్రభుత్వ కళాశాలలోనూ ఉంటుంది. మైక్రోబయాలజీ లేదా బయోటెక్నాలజీతో కెమిస్ట్రీ, వాటికి తోడుగా బోటనీ గానీ జువాలజీ గానీ ఉన్న కాంబినేషన్లు చాలాచోట్ల దొరుకుతాయి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. బయోకెమిస్ట్రీ, కెమిస్ట్రీ వేర్వేరు సబ్జెక్టులు. పేరు వినగానే రెండూ ఒకటే అనుకుని చేరినవారిని నేను చూశాను. బయోకెమిస్ట్రీ మంచి సబ్జెక్టే, కానీ దాన్ని కెమిస్ట్రీకి బదులుగా లెక్కించరు. మీ అమ్మాయి విషయంలో నేనైతే కెమిస్ట్రీని ఖాయం చేసుకుని, రెండో సబ్జెక్టుగా మైక్రోబయాలజీ లేదా బయోటెక్నాలజీ, మూడోదిగా బోటనీ, జువాలజీల్లో ఒకటి పెట్టుకోమంటాను. అది దొరకకపోతే బీజడ్‌సీకి వెనుకాడవద్దు. పైగా ఎప్పుడైనా బీఈడీ చేసి బడిలో బయాలజీ చెప్పాలనుకుంటే, బోటనీ, జువాలజీ ఆప్షనళ్లుగా చదివినవారికి అర్హత విషయంలో సందేహమే రాదు. కొత్త పేర్ల సబ్జెక్టులు మాత్రమే చదివినవారు ప్రతి నోటిఫికేషన్‌లోనూ తమ సబ్జెక్టు పేరు వెతుక్కోవాల్సి వస్తుంది.

కంప్యూటర్ అప్లికేషన్స్ మీద మోజును నేను తప్పు పట్టను. అయితే ఇంటర్‌లో గణితం లేని పిల్లలకు డిగ్రీలో గణితం, స్టాటిస్టిక్స్ ఆప్షనళ్లుగా ఇవ్వరు, ఆ రెండూ లేకుండా డేటా సైన్స్ లోతు అందదు. ఒక ఆప్షనల్‌ను దానికి ధారపోసే బదులు, పైథాన్ వంటిది సెలవుల్లో విడిగా నేర్చుకుంటే సరిపోతుంది.

చదువు ఎలా ఉంటుందో కూడా మీరు తెలుసుకోవాలి, ఎందుకంటే డిగ్రీ అంటే తీరిక అని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. 2016-17 నుంచి మన విశ్వవిద్యాలయాల్లో సెమిస్టర్లతో, పేపర్లకు క్రెడిట్లు ఇచ్చే సీబీసీఎస్ పద్ధతి నడుస్తోంది. నేను పాఠం చెప్పిన కాలంలో ఉస్మానియా పరిధిలో ఒక్కో ఆప్షనల్‌కు సెమిస్టర్‌కు థియరీకి నాలుగు, ప్రాక్టికల్‌కు ఒకటి చొప్పున క్రెడిట్లు ఉండేవి. థియరీకి ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట పాఠం, ప్రాక్టికల్ క్రెడిట్ అంటే వారానికి రెండు మూడు గంటలు ల్యాబ్‌లో నిలబడటం. మూడు ఆప్షనళ్లకూ ల్యాబ్ ఉంటుంది కాబట్టి వారంలో మూడు పూటలు అక్కడే గడుస్తాయి. మొదటి ఏడాది ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ వంటి చిన్న పేపర్లు, తరువాత స్కిల్ కోర్సులు, చివరి ఏడాది ఎలెక్టివ్‌లు, ప్రాజెక్టు ఉంటాయి. సిలబస్‌ను ఎప్పటికప్పుడు సవరిస్తుంటారు కనుక చేరిన ఏడాది ఇచ్చే పుస్తకాన్నే ప్రమాణంగా తీసుకోవాలి. హాజరు మాత్రం 75 శాతం ఉండాలన్న నిబంధన పాతదే, స్కాలర్‌షిప్పుకూ దానితో ముడి ఉంది. డిగ్రీలో పేరు రాయించి బయట నీట్ కోచింగ్‌కు వెళ్లే పిల్లలు రెండింటికీ చెడటం ఇక్కడే మొదలవుతుంది.

ల్యాబ్ గురించి ఇంకొంచెం చెప్పనివ్వండి, ఎందుకంటే మా సబ్జెక్టు ప్రాణం అక్కడే ఉంది. మొదటి ఏడాది పిల్లలకు సాల్ట్ అనాలిసిస్ ఉంటుంది. చిటికెడు తెల్లపొడి ఇచ్చి అందులో ఏముందో చెప్పమంటాం. టైట్రేషన్‌లో ఫినాఫ్తలీన్ వేసిన ద్రావణం చివరి చుక్కతో లేత గులాబీ రంగుకు తిరగాలి, ఒక్క చుక్క ఎక్కువైతే ముదురు గులాబీ అయి కూర్చుంటుంది, మళ్లీ మొదటి నుంచి చేయాలి. బ్యూరెట్ రీడింగును కంటి ఎత్తులో చూడటం, మూడుసార్లు ఒకే విలువ వచ్చేదాకా చేయడం, రాని రీడింగును రికార్డులో రాయకపోవడం అన్నవి రెండేళ్ల పాటు చేతికి అలవాటైన పిల్లలకే జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం వైపున్న మందుల కంపెనీల క్వాలిటీ కంట్రోల్ విభాగాల్లో పని తొందరగా పట్టుబడుతుంది. ఇంటర్వ్యూలో, మందులోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం గురించి అడుగుతారన్నది నిజమే. కానీ ద్రావణాన్ని సరిగ్గా తయారు చేయలేనివారికి ఆ యంత్రం ముందు కూర్చున్నా ఉపయోగం ఉండదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. బీజడ్‌సీలో నా దగ్గర చదివిన ఒక అబ్బాయికి కెమిస్ట్రీ బాగా వచ్చేది. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ అనే ప్రవేశ పరీక్ష ఉంటుంది, రాయమని నేనే ప్రోత్సహించాను. రాశాడు, మంచి ర్యాంకు వచ్చింది. కౌన్సెలింగ్ దరఖాస్తు నింపుతుండగా తెలిసింది, కొన్ని ఐఐటీల కెమిస్ట్రీ ఎమ్మెస్సీకి ఇంటర్ స్థాయిలో గణితం చదివి ఉండాలన్న షరతు ఉందని. ఆ ర్యాంకుకు వచ్చే మంచి చోట్లలో సగం అతని చేయి జారిపోయాయి. షరతు లేని చోట చేరాడు, ఇప్పుడు హాయిగానే ఉన్నాడు. కానీ అర్హతల పట్టికను చివరి దాకా చదవకుండా పిల్లవాడిని ముందుకు తోసింది నేనే. మీ అమ్మాయి బైపీసీ కాబట్టి ఈ విషయం ఇప్పుడే గుర్తుపెట్టుకోండి. ఐఐటీ ఎమ్మెస్సీ మీద నిజంగా మనసుంటే, బైపీసీ పాసైనవారు గణితాన్ని అదనపు సబ్జెక్టుగా రాసేందుకు ఇంటర్ బోర్డు ఇచ్చే అవకాశం ఆమెకు పనికివస్తుంది. డిగ్రీ మొదటి ఏడాదిలోనే, ఆ చదువు ఇంకా మరవకముందే, బోర్డు ప్రకటన చూసి ఆ పని పూర్తి చేసుకోవడం మేలు. ఫిజికల్ కెమిస్ట్రీలో కలనం (క్యాలిక్యులస్) లేకుండా ముందుకు వెళ్లలేం కాబట్టి ఆ శ్రమ ఎలాగూ వృథా కాదు.

నాలుగేళ్ల డిగ్రీ సంగతికి వద్దాం. జాతీయ విద్యా విధానం వచ్చాక, విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన క్రెడిట్ చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160 క్రెడిట్లు కావాలి. నాలుగో ఏడాదిలో పరిశోధనతో కూడిన ఆనర్స్ చేయాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు రావాలి. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం తెచ్చుకున్నవారు నేరుగా పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హులే, కనుక మీరు విన్నది అబద్ధం కాదు. అయితే అర్హత ఉండటం వేరు, సీటు రావడం వేరు. ఎమ్మెస్సీ చేసి, సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో కెమికల్ సైన్సెస్ రాసి జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకున్నవారితో అదే ఇంటర్వ్యూ గది బయట పోటీ పడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి ఒకే మేజర్ సబ్జెక్టుతో ఆనర్స్ పద్ధతి తెచ్చారు. మన దగ్గర సైన్సులో మూడు ఆప్షనళ్ల మూడేళ్ల బీఎస్సీయే ఇంకా ప్రధానంగా నడుస్తోంది. మూడేళ్ల బీఎస్సీ, ఆపైన రెండేళ్ల ఎమ్మెస్సీ అన్న పాత దారికి వచ్చిన లోటేమీ లేదు. తార్నాక, హబ్సిగూడ చుట్టుపక్కలే ఐఐసీటీ, ఎన్‌ఐఎన్, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ వంటి జాతీయ పరిశోధన సంస్థలు ఉన్నాయి. మీ ఇంటికి బస్సు దూరంలో ఉన్న ఆ ప్రయోగశాలల్లో మామూలు డిగ్రీ కళాశాలల నుంచి ఎమ్మెస్సీ మీదుగా వెళ్లిన మా పిల్లలు ఉన్నారు.

పరిశోధనే లక్ష్యమైతే ఐదేళ్ల సమీకృత కోర్సుల గురించి కూడా తెలిసి ఉండాలి. సైన్సు చదువుకూ పరిశోధనకూ కేంద్రం పెట్టిన ఐసర్‌లు దేశంలో ఏడు ఉన్నాయి, 2015లో మొదలైన తిరుపతి ఐసర్ మనకు దగ్గరిది. వాటి బీఎస్-ఎంఎస్‌కు ఐఏటీ అనే పరీక్ష రాయాలి. అందులో బయాలజీ, కెమిస్ట్రీ, గణితం, ఫిజిక్స్ నుంచి పదిహేనేసి చొప్పున 60 ప్రశ్నలు వస్తాయి. ఇంటర్‌లో ఆ నాలుగింటిలో మూడు చదివి ఉంటే అర్హత ఉంటుంది కానీ, బైపీసీ పిల్లలు ఆ గణితం ప్రశ్నలను వదిలేసుకుంటే మిగతా వాటిలో చాలా బాగా రాయాల్సి ఉంటుంది. అలాంటిదే అయిన భువనేశ్వర్ నైసర్‌కు నెస్ట్ అనే పరీక్ష, గచ్చిబౌలిలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఐదేళ్ల ఎమ్మెస్సీకి సీయూఈటీ రాయాలి. వీటి దరఖాస్తులు ఇంటర్ పరీక్షల రోజుల్లోనే వచ్చి వెళ్లిపోతాయి, నీట్ హడావుడిలో మన పిల్లలు వాటిని పట్టించుకోరు. ఐఏటీకి ఆ ఏడాదితోపాటు అంతకు ముందు ఏడాది ఇంటర్ పాసైనవారికీ అవకాశం ఇస్తున్నారు కాబట్టి, మీ అమ్మాయి ఇప్పుడు డిగ్రీలో చేరి వచ్చే వేసవిలో ఒకసారి ప్రయత్నించవచ్చు. సీటు వస్తే వెళుతుంది, రాకపోతే డిగ్రీ చేతిలో ఉంటుంది. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలోని బీఎస్సీ అగ్రికల్చర్ సీట్లు, ఫార్మసీ కళాశాలల సీట్లు రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ద్వారా నిండుతాయి, వాటికీ దోస్త్‌కూ సంబంధం లేదు. కెమిస్ట్రీ ఇష్టమున్న పిల్లకు బీఫార్మసీ కూడా ఒక దారే కనుక, ఈఏపీసెట్ రాసి ఉంటే ఆ ర్యాంకు కార్డును పక్కన పడేయకండి.

దోస్త్ విషయంలో రెండు మూడు మాటలు. 2016లో మొదలైన ఈ ఆన్‌లైన్ పద్ధతిలో సీటు ఇంటర్ మార్కుల మీదే వస్తుంది, వేరే పరీక్ష ఉండదు. ఆధార్‌కు అనుసంధానమైన ఫోన్ నంబరు దగ్గర పెట్టుకోండి, సగం మంది ఆగిపోయేది అక్కడే. వెబ్ ఆప్షన్లలో కళాశాల పేరు చూసి నొక్కేయకుండా, పక్కనున్న కాంబినేషన్‌ను పూర్తిగా చదివి మరీ పెట్టండి. ఒకే కళాశాలలో రెండు మూడు లైఫ్ సైన్సెస్ కాంబినేషన్లు ఉంటాయి, వాటిలో ఒకదాంట్లో మాత్రమే కెమిస్ట్రీ ఉండవచ్చు. సీటు వచ్చాక గడువులోగా ఆన్‌లైన్ సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే అది రద్దవుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హులైతే తహసీల్దార్ కార్యాలయం నుంచి కొత్త ఆదాయ ధ్రువపత్రం ఇప్పుడే తీసుకోండి, జూన్‌లో అక్కడ కాలు పెట్టే చోటు ఉండదు. నగరంలో కొన్ని ప్రైవేటు కళాశాలలు దోస్త్‌లో లేకుండా సొంతంగా ప్రవేశాలు జరుపుతాయి. వాటిలో చేరాలనుకుంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందో లేదో ముందే కాగితం మీద రాయించుకోవాలి.

మీ అబ్బాయికి ఇంకా సమయం ఉంది. ఇంజినీరింగ్ కాక బీఎస్సీ వైపు వస్తే గణితం, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్ కలిసిన ఎంఎస్‌సీఎస్‌కు ఇప్పుడు గిరాకీ ఎక్కువ. అయితే దానిలో ఫిజిక్స్ ఉండదని, ఆ తరువాత ఎమ్మెస్సీ ఫిజిక్స్‌కు వెళ్లలేడని గుర్తుంచుకోండి. ఫిజిక్స్ ఇష్టమైతే గణితం, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్ ఉన్న ఎంపీసీఎస్ తీసుకోమనండి.

మీ ఇంటి దగ్గరి కళాశాల విషయానికి వస్తే, ఒకరోజు మధ్యాహ్నం మీ అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లి, ఆఫీసులో కూర్చోకుండా నేరుగా కెమిస్ట్రీ ల్యాబ్ చూపించమనండి. గ్యాస్ కనెక్షన్ పనిచేస్తోందా, ఘాటైన వాయువులను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ ఉందా, రీజెంట్ సీసాల మీద లేబుళ్లు ఈ ఏడాదివేనా అన్నది చూడండి. నిరుటి మూడో ఏడాది విద్యార్థుల రికార్డు ఒకటి అడిగి తిరగేయండి. రీడింగులన్నీ అందరికీ ఒకేలా ఉంటే అక్కడ ప్రయోగాలు జరగడం లేదని అర్థం. ఏ కాంబినేషన్లు ఉన్నాయో, ఏ ల్యాబ్ ఎలా ఉందో రాస్తే, ఆప్షన్ల వరుస ఎలా పెట్టాలో వివరంగా చెబుతాను.